వెతకడం రాని స్టోర్‌కీపరు

నేను మొట్టమొదట రాసిన ప్రోగ్రాం సామాన్లు వెతికి పెట్టే ప్రోగ్రాం. ఫ్యాక్టరీ స్టోర్లో ఏ వస్తువు ఏ ర్యాకులో, ఏ అరలో ఉందో చెబుతుంది. ఎన్ని మిగిలాయో, ఎవరు పట్టుకెళ్లారో కూడా చెబుతుంది. తొంభైల మధ్యలో, భిలాయిలోని సుపేలాలో ఒక మేడ మీదున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని ఏడాది పాటు దాన్ని రాశాను. నల్ల తెర, పచ్చ అక్షరాలు, మౌసు లేదు. ఇప్పటి పిల్లలకు చూపిస్తే కరెంటు పోయిందా అని అడుగుతారు. నాకు మాత్రం అది తెగ ముద్దొచ్చేది.

మా ఇన్‌స్టిట్యూట్ సారు మంచివాడే కానీ ఓపిక తక్కువ. ఎండాకాలం సెలవులు అయ్యేలోగా ఒక్క ఫ్యాక్టరీ అయినా దీన్ని పెట్టుకుంటే నన్ను ప్రోగ్రామర్‌గా ఉంచుకుంటానన్నాడు. లేదంటే పొద్దున్న ఆరున్నర బ్యాచ్‌కి టైపింగ్ నేర్పాలి. టైపింగ్ బ్యాచ్ అంటే నాకు ఒళ్లు మంట. పన్నెండు మంది ఒకే అక్షరాన్ని పన్నెండు రకాలుగా బాదుతుంటే మధ్యలో నిలబడి నవ్వుతూ ఉండాలి. నాకు నవ్వడం అంత తేలిగ్గా రాదు, మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు.

కాబట్టి మోపెడ్ వేసుకుని ఇండస్ట్రియల్ ఏరియా అంతా తిరిగాను. కంప్యూటర్ని మోపెడ్ మీద కట్టుకుని తిరగలేం కదా. చేతిలో ఒక ఫ్లాపీ, నోట్లో నాలుక, అంతే నా సరంజామా. ప్రతి శేటూ మర్యాదగా టీ ఇప్పించేవాడు. ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో స్టోరంతా పడుతుందా దీదీ అని అడిగి, తలాడించి పంపేసేవాడు. చివరికి కుమ్హారి దగ్గర వ్యాగన్ల విడిభాగాలు చేసే ఒక శేటు మాత్రం అసలు మాట చెప్పాడు. "నోటి మాట నేను నమ్మను. మీ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చే తీరికా లేదు. ఆఫీసులో టీవీ ఉంది, వీసీఆర్ ఉంది. క్యాసెట్ తెచ్చి చూపించు. భోజనం అయ్యాక పది నిమిషాలు ఇస్తాను" అన్నాడు.

అలా నేను సినిమా తియ్యవలసి వచ్చింది.

మా కుటుంబంలో కెమెరా ఉన్నవాడు ఒక్కడే, మా బావ. పవర్‌హౌస్ అనే పేటలో వీడియో షాపు. మా అప్ప, అంటే అక్క మొగుడు. భిలాయిలో తెలుగువాళ్ల పెళ్లిళ్లలో సగానికి పైగా అతని క్యాసెట్లలోనే ఉన్నాయి. నేను కథ చెబుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు.

"ముందు రెండు గుండెకాయలు తెరుచుకోవాల. లోపలినుంచి కంప్యూటరొచ్చీయాల. పైనుంచి గులాబీ రేకులు" అన్నాడు.

"ఇది పెళ్లి కాదు బావా."

"ఎఫెక్టు లేకపోతే ఎవడు సూస్తాడే? శేటుకి మాత్రం మనసుండదేటి?"

గంటసేపు దెబ్బలాడుకున్నాక కథ ఒక కొలిక్కి వచ్చింది. మొదటి భాగంలో ఒక పాతకాలపు స్టోర్‌కీపరు. ఎవరో వచ్చి బేరింగు అడుగుతారు. అతను ర్యాకులన్నీ వెతుకుతాడు, చెమట తుడుచుకుంటాడు, తల గోక్కుంటాడు. రెండో భాగంలో కంప్యూటర్. ఒక మీట నొక్కగానే బేరింగు దొరుకుతుంది. అందరూ నవ్వుతారు. ఇంత గొప్ప కథ ఇంతకుముందు ఎవరికీ తట్టలేదని ఇద్దరం మురిసిపోయాం.

స్టోర్‌కీపరు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మా నాన్న ముప్పై ఏళ్లు భిలాయి స్టీలు ప్లాంటు స్టోర్సులో చేసి రెండేళ్ల కిందటే రిటైరయ్యాడు. విజయనగరం దగ్గర్నుంచి వచ్చి ఖలాసీగా చేరి, స్టోర్‌కీపరుగా దిగాడు. ప్లాంటు లోపలికి కెమెరా తీసుకెళ్లనివ్వరు కాబట్టి, రిసాలిలో మేం కట్టుకున్న ఇంటి వెనకాల రేకుల షెడ్డునే స్టోరు చేద్దామనుకున్నాం. నాన్నకు చెబితే ఎంత సంబరపడ్డాడో. కథ మొత్తం వినలేదు, స్టోర్‌కీపరు వేషం అన్నంతవరకే విన్నాడు. ఆ సాయంత్రమే బీరువాలోంచి ఖాకీ చొక్కా తీసి అమ్మ చేత ఇస్త్రీ పెట్టించుకున్నాడు.

అక్కడే మేం మొదటి పొరపాటు చేశాం. పవర్‌హౌస్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం భయ్యా, బావ అతని చెల్లెలి పెళ్లి తీశాడన్న మొహమాటానికి, రెండు ట్రాలీల సామాను అరువిచ్చాడు. బేరింగులు, బోల్టులు, వాషర్లు, బుష్‌లు, గ్యాస్కెట్లు, కప్లింగులు. వాటన్నిటినీ షెడ్డులో చిందరవందరగా పడేయాలి. ఆ పని మేం ఎవరికి అప్పజెప్పామంటే, మా నాన్నకి.

రెండు రోజుల తర్వాత షెడ్డు తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాను. ర్యాకులకు నంబర్లు పడ్డాయి. అరలకు అక్షరాలు పడ్డాయి. ప్రతి అరకీ ఒక అట్టముక్క వేలాడుతోంది, దాని మీద వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, నాన్న పొట్టి సంతకం. దాన్ని బిన్ కార్డు అంటారు, స్టోర్సు వాళ్లకు అది జాతకం లాంటిది. వాషర్లు సైజు ప్రకారం వరసగా కూర్చున్నాయి. నేల తుడిచి, గుమ్మం పక్కన నీళ్ల కుండ కూడా పెట్టాడు.

"నాన్నా, చిందరవందరగా ఉండాలన్నాను కదా" అన్నాను.

"ఉంది కదమ్మా. ఆ మూల సూడు, గ్యాస్కెట్లు ఇంకా సర్దలేదు" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ.

బావ నవ్వాపుకుంటూ తనే నాలుగు అరలు చెదరగొట్టాడు. మర్నాడు తెల్లారి మేం కాఫీ తాగేలోగా నాన్న మళ్లీ సర్దేశాడు. అడిగితే, అలా వదిలేస్తే నిద్ర పట్టలేదన్నాడు. పోనీలే, నటన బాగుంటే ర్యాకులెవరు చూస్తారు అనుకున్నాం.

షూటింగ్ రోజు ఆదివారం. బావ స్టాండు మీద కెమెరా పెట్టాడు. అప్ప పెళ్లిళ్లలో లైటు పట్టుకున్న అనుభవం కొద్దీ లైటు పట్టుకుంది. నాన్న ఖాకీ చొక్కాలో కుర్చీ మీద కూర్చున్నాడు. కెమెరా వెనకనుంచి బావ గొంతు మార్చి, "సిక్స్ టూ జీరో ఫైవ్ బేరింగు కావాల" అన్నాడు.

నాన్న లేచాడు, రెండడుగులు వేశాడు, చెయ్యి చాపాడు, బేరింగు తీసి బల్ల మీద పెట్టాడు. అటువైపు చూడను కూడా లేదు. చూపంతా కెమెరా మీదే ఉంది.

"కట్" అన్నాడు బావ. "మావయ్యా, మీరు ఎతకాల."

"ఎందుకు? ఉందిగదా."

"ఉందిగానీ మీకు తెలీదు."

"నాకు తెలీకపోడమేటి?" అన్నాడు నాన్న, నిజంగానే అర్థం కాక.

రెండోసారి మూడు ర్యాకులు తిరిగి రమ్మన్నాం. తిరిగాడు. బడ్డీకొట్టుకు వెళ్లినవాడిలా మూడు ర్యాకులూ తిరిగి, తిన్నగా బేరింగు ఉన్న ర్యాకు దగ్గరకు వచ్చి దాన్ని తీశాడు. మూడోసారికి బావకు ఒక ఉపాయం తట్టింది. నాన్న నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు బేరింగుని తీసి గ్యాస్కెట్ల వెనకాల దాచేశాడు. ఇప్పుడు వెతక్క చస్తాడా అన్నాడు నాతో.

నాన్న అర దగ్గరకు వెళ్లి ఆగిపోయాడు. బిన్ కార్డు చూశాడు. మళ్లీ అర చూశాడు. తర్వాత మెల్లగా కెమెరా వైపు తిరిగి, "సంతకం లేకుండా ఇక్కడున్నది ఎవరు తీసీసారు?" అన్నాడు. ఆ గొంతు విని అప్ప లైటు కిందికి దించేసింది. చిన్నప్పుడు పంచదార డబ్బా విషయంలో ఇద్దరం విన్న గొంతది. తర్వాత ర్యాకుల వెంబడి నడిచి, గ్యాస్కెట్ల ముందు ఆగి, "ఇక్కడ దుమ్ము సెదిరింది" అని వెనక చెయ్యి పెట్టి బేరింగు తీసేశాడు. మొత్తం అర నిమిషం పట్టలేదు. మా కథలో కంప్యూటర్‌కి పెట్టిన సమయం కన్నా అది తక్కువ.

అప్పటికి ఎండ రేకుల మీదకు ఎక్కింది. నాకు కోపం కూడా ఎక్కింది. శేటుకి మాటిచ్చిన శుక్రవారం కళ్ల ముందు కనబడుతోంది, దాని వెనకాలే టైపింగ్ బ్యాచ్ కనబడుతోంది.

"నాన్నా, ఒక్కసారి తల గోక్కో. అంతే. అదొక్కటి చాలు" అన్నాను.

"స్టోర్లో తల గోక్కున్నోడిని ఆరోజే మార్చీసీవోరమ్మా."

"ఇది నటనే కదా."

"నటనే. గానీ ఆ కుర్చీలో నేనున్నాను కదా. ఈ క్యాసెట్టు నలుగురూ సూస్తారు. ముప్పయ్యేళ్లు ఇతను ఇలగే ఎతుకులాడీవోడేటి అనుకోరా?"

అప్పుడు నేనొక మాట అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. "నీలాంటోళ్లు ఇంక అక్కర్లేదనే కదా ఈ ప్రోగ్రాం రాసింది" అన్నాను.

నాన్న కుర్చీలోంచి లేచాడు. ఖాకీ చొక్కా పైగుండీ విప్పుకుని, బేరింగుని ఈసారి బావ చేతికి చిక్కని వేరే అరలో పెట్టేసి, గోడకున్న గుడ్డసంచీ తీసుకున్నాడు. సంత దగ్గరకెళ్లి కూరలు తెస్తానని అమ్మతో చెప్పి సైకిలెక్కి వెళ్లిపోయాడు. నాకు వెంటనే సిగ్గేసింది. కానీ సిగ్గు పడ్డప్పుడు ఇంకాస్త గట్టిగా పని చేసేయడం నా జబ్బు. సరే, కంప్యూటర్ భాగం షూటింగ్ కానిచ్చేద్దాం పద అన్నాను బావతో.

అది ఇంకో భాగోతం. ఇన్‌స్టిట్యూట్ నుంచి ఆటోలో తెచ్చిన కంప్యూటర్ బల్ల మీద పెట్టి, కెమెరా దాని మీదకు తిప్పితే, తెర మీద ఒక నల్లటి పట్టీ కిందనుంచి పైకి పాకుతోంది. మా కంటికి కనబడదు, కెమెరాకు కనబడుతుంది. లైటు మార్చినా, దూరం జరిగినా, ఆ పట్టీ మాత్రం పాకుతూనే ఉంది. మామూలు పరిస్థితుల్లో బావ దాని మీద గులాబీ రేకులు రాల్చి కప్పేసేవాడు. చివరికి దారి చూపింది ప్రింటర్. మీట నొక్కగానే అది గుర్రుగుర్రుమంటూ ఒక చీటీ బయటకు కక్కింది. నాలుగో ర్యాకు, రెండో అర. ఆ చప్పుడు వినగానే బావ మొహం వెలిగిపోయింది. "ఇది పలుకుతంది. బస్, దీన్నే తీద్దాం" అన్నాడు. నిజమే, మా శేట్లు తెరను నమ్మకపోయినా కాగితాన్ని నమ్ముతారు.

చీటీ పక్కన బేరింగు పెట్టి దగ్గరనుంచి తియ్యాలన్నాడు. బేరింగు తే అన్నాడు.

నేను వెళ్లాను. నాలుగో ర్యాకు రెండో అరలో లేదు. నాన్న వేరే అరకు మార్చాడు కానీ ఆ అర ఏదో నేను చూడలేదు. కంప్యూటర్లోకి ఎక్కించింది మా బొమ్మ కథ కోసం నేను ఊహించి రాసిన లెక్క, నాన్న సర్దుకున్న లెక్క వేరు. సరే, ఎంతసేపు, రేకుల షెడ్డే కదా అనుకుని వెతకడం మొదలుపెట్టాను. బావ వచ్చాడు. అప్ప లైటు కింద పెట్టి వచ్చింది. మేం ముగ్గురం ఆ షెడ్డులో గంటంబావు వెతికాం. అట్టముక్కలు చదివాం, కానీ నాన్న ఇంగ్లీషు పొట్టి అక్షరాలు ఆయనకీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియవు. అప్ప వాషర్ల అర కిందికి లాగేసింది, అవి నేలంతా దొర్లాయి. బావ మెడ మీంచి చెమట కారిపోతోంది. నేను తల గోక్కున్నాను. ఒకరినొకరం నువ్వే తీశావంటే నువ్వే తీశావనుకున్నాం. ఆఖరికి అప్ప నేల మీద చతికిలబడి, "నాన్న వొచ్చీవరకూ ఎవరూ ఏటీ ముట్టకండి" అంది.

నాన్న వచ్చాడు. సైకిలు హ్యాండిలుకు గుడ్డసంచీ, అందులో తోటకూర, బెండకాయలు. గుమ్మంలో నిలబడి నేల మీది వాషర్లను, మా మొహాలను చూశాడు. సంచీ కింద పెట్టకుండానే ఎడంచేత్తో ఒక అరలోంచి బేరింగు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత సంచీ దించి నేల మీది వాషర్లు ఏరసాగాడు.

అప్పుడు బావ కెమెరా దగ్గరకెళ్లి, నాలిక కరుచుకున్నాడు. కుర్చీ వైపు తిప్పి వదిలేసిన కెమెరా ఇంతసేపూ తిరుగుతూనే ఉంది. పెళ్లి వీడియోలవాళ్లకు అదొక అలవాటు. తాళి ఏ క్షణాన కడతారో తెలియదు, పంతులుగారు ఎవరికీ చెప్పరు. ఆ క్షణంలో కెమెరా ఆగి ఉంటే ఆ పేటలో మళ్లీ ఎవరూ పిలవరు. అందుకని పెళ్లిపీటల ముందు కెమెరా పెట్టాక బావ చెయ్యి ఆపే మీట దగ్గరకు వెళ్లదు. క్యాసెట్ అయిపోయి దానంతటదే ఆగాలి.

ఇంట్లో టీవీకి తగిలించి చూశాం. తెర మీద ఒక కుర్చీ, దాని వీపున నాన్న తువ్వాలు. మనిషి లేడు. చుట్టూ ముగ్గురు కంగారుపడుతున్నారు. ఒకరు వంగుతుంటే ఒకరు లేస్తున్నారు. బావ ఒకే అరని నాలుగుసార్లు తెరిచి చూశాడు, ప్రతిసారీ కొత్తగా చూస్తున్నట్టు. వాషర్లు పడినప్పుడు అప్ప ఎగిరిన ఎగురు చూసి అమ్మ నవ్వీ నవ్వీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మొదట బిగబట్టుకున్నాడు. నేను తల గోక్కునే చోటుకు వచ్చేసరికి ఆయన కూడా నవ్వేశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వు.

నవ్వు తగ్గాక చాలాసేపు ఆ కుర్చీనే చూశాడు. తర్వాత నాతో అన్నాడు, "ఇదే సూపించమ్మా."

"ఏది?"

"స్టోర్‌కీపరు తెలివితక్కువోడని సూపిస్తే ఏ శేటూ నమ్మడు. తెలివితక్కువోడయితే శేటే పనిలోంచి తీసీసుండును కదా. సెలవెట్టేడని సూపించు. అలాటి రోజు ప్రతి శేటుకీ ఒకటొస్తాది."

అమ్మ వెంటనే అందుకుంది. "ఆ రోజు నాకు తెలీదేటి. దీని పెళ్లి నాడు" అంది, అప్ప వైపు చూపించి. అప్ప పెళ్లిలో, సరిగ్గా కాళ్లు కడిగే సమయానికి ప్లాంటు జీపొకటి వచ్చింది. నందిని గనుల నుంచి ఎవరో ఒక కప్లింగు కోసం వచ్చి కూర్చున్నారట, ఎవరికీ దొరకలేదట. నాన్న పీటల మీదనుంచి లేవకుండా, చేతిలో చెంబుతోనే, ఏడో వరస, కింది గడి, గోనెపట్టా కింద అని చెప్పాడు. జీపు వెళ్లిపోయింది. నాన్న దాన్ని ఎప్పుడూ గొప్పగానే చెప్పుకునేవాడు. అమ్మ ఎప్పుడూ తిట్టుకుంటూనే చెప్పేది. ఇద్దరూ చెప్పేది ఒకటే కథ అని నాకు ఆరోజే అర్థమైంది. అందరూ ఆయన్నే నమ్ముకుని కూర్చునేవాళ్లు, ఆయనకు మాత్రం ఒక్క రోజు కూడా సెలవుగా దొరకలేదు.

నా ప్రోగ్రాం ఎందుకు రాశానో దాన్ని ఏడాది పాటు రాసేశాక నాకు మా నాన్న చెప్పాడు. పొద్దున్న అన్న మాటకు తప్పయిపోయిందని చెప్పాను. "సర్లే, ముందు నా అరలు సరిగ్గా రాసుకో" అన్నాడు.

మిగిలింది ఒక్క రోజులో అయిపోయింది. మొదటి దృశ్యంలో నాన్న కుర్చీలో ఉన్నాడు, అడిగినది చూడకుండానే తీసిచ్చాడు. ఒకే టేకు, అంతకుముందు పాడైపోయాయనుకున్నవాటిలో మొదటిది. రెండో దృశ్యంలో ఖాళీ కుర్చీ, మా ముగ్గురి వెతుకులాట. మూడో దృశ్యంలోనూ ఖాళీ కుర్చీయే, కానీ పక్కన ప్రింటర్. చీటీ వస్తుంది, అప్ప చీటీ చూసుకుంటూ వెళ్లి బేరింగు తెస్తుంది. దీని కోసం నాన్న చెబుతుంటే నేను షెడ్డులో ప్రతి అరనూ మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించాను. వెనకాల హిందీలో నా గొంతు. గుండెకాయలు వద్దని బావతో ఇంకోసారి దెబ్బలాడాను. చివర్లో, నాన్న తిరిగి వచ్చి కుర్చీలో కూర్చునేటప్పుడు, ఒకే ఒక్క గులాబీ రేకుకు ఒప్పుకున్నాను. అదెప్పుడు రెండయిందో నాకు తెలియదు.

శుక్రవారం కుమ్హారి వెళ్లాం, నేనూ నాన్నా. ఆయన రానక్కర్లేదు కానీ ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయాడు. శేటు భోజనం చేసి వచ్చి, సోఫాలో వెనక్కి వాలి, కానివ్వు అని చెయ్యి ఊపాడు. నేను క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. మొదటి దృశ్యంలో ఆయన కళ్లు సగం మూసుకునే ఉన్నాయి. వెతుకులాట మొదలయ్యాక లేచి కూర్చున్నాడు. వాషర్లు పడ్డప్పుడు తొడ మీద కొట్టుకుని, గుమ్మం దగ్గరున్న మేనేజరును పిలిచి, ఇటు రా, మన హోలీ మర్నాడు ఇలాగే కదా అయింది అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

క్యాసెట్ అయిపోయింది. శేటు టీవీ ఆపమన్నాడు. తర్వాత అడిగిన మొదటి మాట, ఆ ఖాకీ చొక్కా ఆయన ఎవరు అని.

మా నాన్న అని చూపించాను.

శేటు నా వైపు చూడడం మానేశాడు. "భాయీసాబ్, మీరు ఇప్పుడెక్కడ చేస్తున్నారు? రిటైరయ్యారా? మా దగ్గరకు వచ్చేయండి. మీలాంటి మనిషి కోసం నాలుగేళ్లుగా వెతుకుతున్నాను" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడాది పాటు రాసిన ప్రోగ్రాం అమ్మడానికి సినిమా తీసి, తీసుకెళ్లి మా నాన్నను అమ్మాను. కంప్యూటర్ సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు లేదు. ఆరున్నర బ్యాచ్‌లో పన్నెండు టైపు మిషన్లు నా చెవుల్లో అప్పుడే మొదలైపోయాయి.

నాన్న మాత్రం తొందరపడలేదు. మంచినీళ్ల గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, తన విజయనగరం హిందీలో నెమ్మదిగా చెప్పాడు. వస్తాను, కానీ ఒక్కణ్ణే రాను, ఆ కంప్యూటర్ కూడా రావాలి. ప్లాంటులో ముప్పై ఏళ్లు ఒక్కణ్ణే చేశాను, మా పెద్దమ్మాయి పెళ్లికి కూడా జీపు వచ్చింది. నాకు ఇప్పుడు అరవై దాటాయి. నేను సెలవు పెట్టిన రోజు మీవాళ్లు మా అల్లుడిలా ఒకే అర నాలుగుసార్లు తెరుస్తూ కూర్చుంటే ఆ పాపం నాకెందుకు?

శేటు ఈసారి చాలాసేపు నవ్వాడు. రెండూ తీసుకున్నాడు.

అలా నేను ప్రోగ్రామర్నయ్యాను. మా సారు నాకొక కిటికీ పక్క బల్ల ఇచ్చాడు. కానీ మొదటి రెండు నెలలూ నేనక్కడ కూర్చున్నది తక్కువ, కుమ్హారిలో నాన్న పక్కన కూర్చున్నది ఎక్కువ. ఆయన ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని చెబుతుంటే నేను ఎక్కించాలి. ఇంట్లో నాన్న వేరు, స్టోర్లో వేరు. ఒక సున్నా తప్పు కొడితే మొత్తం వరస మళ్లీ చదివించేవాడు. మూడో వారంలో నా ప్రోగ్రాంలో తప్పు కూడా పట్టాడు.

"చేతికి గ్రీజు పూసుకుని వొచ్చినోడు నీకు కోడ్ నంబరు సెప్తాడేటి? వాడు ఈ బుష్‌ని కటోరీ అంటాడు. కటోరీ అని కొడితే నీ మిషను పలుకుతాదా?"

పలకదు. సరే అని ప్రతి వస్తువుకీ మారుపేర్లు రాసుకునే చోటు పెట్టాను. ఛత్తీస్‌గఢీలో ఒకటి, హిందీలో ఒకటి, మనవాళ్లు పెట్టుకున్నది ఇంకొకటి, ఏది కొట్టినా చీటీ వచ్చేది. తర్వాత ఆ ప్రోగ్రాం మరికొన్ని ఫ్యాక్టరీలకు వెళ్లిందంటే సగం ఆ మారుపేర్ల వల్లే. మిగతా సగం క్యాసెట్ వల్ల. బావ దాన్ని పెళ్లివాళ్లకు కూడా చూపించేవాడు, తను కామెడీ కూడా తీయగలడని.

ఆ వానాకాలం నాన్నకు జ్వరం వచ్చింది. గట్టి జ్వరం, లేవలేకపోయాడు. శేటు దగ్గర చేరాక అదే మొదటి సెలవు. పొద్దున్నే నాచేత ఫోను చేయించి మేనేజరుకు చెప్పించాడు. తర్వాత అమ్మ వద్దంటున్నా మంచం ముందుగదిలోకి, ఫోను పక్కకు వేయించుకున్నాడు. వాళ్లడిగితే చెప్పాలి కదా అన్నాడు. నేను కూడా ఆరోజు ఇంట్లోనే ఉండిపోయాను. ఆయన కోసమని చెప్పాను కానీ, నా ప్రోగ్రాం మీద భయం కూడా ఉంది.

పదకొండయింది. భోజనాల వేళయింది. నాన్న జావ తాగి, ఈపాటికి రెండో షిఫ్టు వాళ్లొచ్చుంటారు అన్నాడు. మూడు దాటాక ఒకసారి లేచి కూర్చుని మళ్లీ పడుకున్నాడు. నేను పుస్తకం పట్టుకుని ఒకే పేజీ చదువుతున్నాను. ఐదు దాటింది. అటువైపు స్టోరు మూసేసే వేళ.

"ఫోనొకసారి ఎత్తి సూడమ్మా. వానకి లైను పోయిందేటో."

ఎత్తి విన్నాను. లైను శుభ్రంగా ఉంది. "బాగానే ఉంది నాన్నా" అన్నాను.

"అయితే అన్నీ దొరికీసేయన్నమాట వాళ్లకి."

"దొరికినట్టే ఉన్నాయి."

నాన్న తల ఊపాడు. నేను ఏడాది పాటు పచ్చ అక్షరాలు కొట్టింది, సినిమా తీసింది, నాన్నతో దెబ్బలాడింది, అన్నీ సరిగ్గా ఈ రోజు కోసమే. నాకు చాలా సంతోషమేసింది. అంతకన్నా ఎక్కువగా ఆ ఫోను ఒక్కసారి, ఒక్క చిన్న వాషరు కోసమైనా, మోగితే బాగుండునని కూడా అనిపించింది. నా ప్రోగ్రాం తప్పు చెయ్యాలని నేను కోరుకున్నది ఆ ఒక్క సాయంత్రమే. అక్కడే మంచం అంచున కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. జ్వరం తగ్గుతోంది, అరచెయ్యి చెమట పట్టింది.

"మంచిదేలే" అన్నాడు కాసేపటికి. తర్వాత అమ్మను కేకేసి, చారన్నం కలిపి పెట్టమన్నాడు. రేపు పొద్దున్నకి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి ఉంచమని కూడా చెప్పాడు. జ్వరంలో ఎక్కడికని అమ్మ లోపలినుంచి కసిరింది.

"దొరికించుకున్నారు సరే, మిగిలినవి మళ్లీ ఎక్కడ పెట్టేరో ఎల్లి సూసుకోవాలా వొద్దా?" అన్నాడు నాన్న.